ఎకరానికి లెక్క ఉంది, ఒంటికి ఏది?

2024లో న్యాల్‌కల్ మండలం డప్పూర్, మాల్గి, వడ్డి గ్రామాల్లో ఫార్మా పరిశ్రమలకు భూములు తీసుకుంటామన్నప్పుడు, ఇక్కడ నారాయణఖేడ్‌లో నేను ఎక్కువగా విన్న మాట ఒక్కటే: "ఎకరానికి ఎంతిస్తరట?" అడిగినవాళ్ళ మీద నాకు కోపం లేదు. అది ప్రభుత్వం నేర్పిన ప్రశ్న. మన నీళ్ళేమవుతాయి, మన ఒళ్ళేమవుతుంది అన్న ప్రశ్నకు అసలు చోటే లేకుండా చేశారు.

పటాన్‌చెరు మన ఉమ్మడి మెదక్ జిల్లాదే. నక్కవాగును రసాయన కాల్వ చేసిన పరిశ్రమల మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2001లో హైకోర్టుకు పోయింది, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు. పరిహారం మాత్రం పొలాలను బట్టి లెక్కగట్టారు. పట్టా ఎవరి పేర ఉంటుందో మనకు చెప్పాలా? ఆ పొలంలో కలుపు తీసిన కూలి స్త్రీకి, ఆ వాగులో బట్టలుతికిన చాకలి స్త్రీకి ఎకరాలు లేవు. కాబట్టి నష్టమూ లేదు! 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్ళలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని బయటపెట్టారు. శుద్ధి అంటే ఇదీ.

న్యాయశాస్త్ర ఆచార్యుడు ఉపేంద్ర బక్షి మనకు కొత్తవాడు కాదు. 1979లో మధుర కేసు తీర్పును నిలదీస్తూ బహిరంగ లేఖ రాసిన నలుగురిలో ఒకరు. 1981లో లతికా సర్కార్‌తో కలిసి ఆగ్రా రక్షణ గృహంలోని స్త్రీల దుస్థితిని సుప్రీంకోర్టు ముందు పెట్టారు. భోపాల్ తర్వాత ఆయన వాదించింది కూడా ఇదే దారిలో: అనుబంధ సంస్థ చాటున బహుళజాతి కంపెనీ దాక్కోకూడదు, బాధపడ్డవాళ్ళ బాధే చట్టానికి మొదటి లెక్క కావాలి. 1989 ఫిబ్రవరిలో ఏమైంది? బాధితులను అడగకుండానే 47 కోట్ల డాలర్లకు రాజీ.

హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల కేసులో 1999లో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: హాని లేదని రుజువు చేసే భారం పరిశ్రమదే. హైదరాబాదు తాగే నీళ్ళకు ఉన్న సూత్రం మంజీర ఒడ్డున చేదబావికి వర్తించదా? (ఆ మంజీర నీళ్ళు కూడా హైదరాబాదుకే పోతాయి, అది వేరే సంగతి.)

ఉద్యోగాలొస్తాయి, చెరుకు కొట్టడానికి వలసపోయే తండాలు బాగుపడతాయి అంటారు. వలస కష్టం నాకు తెలుసు. కానీ ఆ ఉద్యోగాల్లో మన ఆడవాళ్ళకు దక్కేది డ్రమ్ములు కడిగే పని కాదని ఎవరైనా రాసిస్తారా?

కోర్టు భారం ఎవరి మీద పెట్టినా, రేపు కంపెనీ వకీలు అడగబోయేది నాకు తెలుసు: "ఈ జబ్బు ముందు లేదనడానికి ఆధారమేది?" అందుకే భూసేకరణ మాట వచ్చిన ప్రతి ఊళ్ళో ఇప్పుడే ఒక రిజిస్టరు తెరవాలి. గర్భస్రావాలు, చర్మవ్యాధులు, బావినీటి పరీక్షలు, తేదీలతో సహా. ఏఎన్ఎమ్ సంతకం ఉండాలి, ఒక ప్రతి ఊరి మహిళా సంఘం దగ్గరే ఉండాలి.