పండుగ కథలో వడ్రంగి కూతురేది?

సంక్రాంతి సంచికలకు వచ్చు కథలలో ఒక మూస కలదు. సైన్యమునుండి విరమించిన యువకుడు పండుగకు ఊరు చేరును. ముగ్గుల వీథిలో ఒక కన్యను చూచును. భోగినాడు చూపులు, పెద్దపండుగనాడు మాటలు, కనుమనాడు కన్నీరు, ముక్కనుమకు పెద్దల ఆశీర్వాదము. ఆ కన్య ఎల్లప్పుడును మోతుబరి బిడ్డయే. వడ్రంగి యింట పుట్టినదై యుండదు. కమ్మరి కొలిమికడ పెరిగినదై యుండదు. ఈ మూసను మేము ఆక్షేపించుచున్నాము. ప్రేమకథలు వలదని మా వాదము కాదు. ప్రేమను గూర్చి చెప్పబూని, అసలు చిక్కు ఎదురగుచోటనే కలము మూయుదురే, దానిని గూర్చియే మా తగవు.

రాయచూరు మండలమున నివసించు తెలుగువారికి ఈ మాట మఱింత చెల్లును. కృష్ణా తుంగభద్రల నడిమి యీ నేల ఎన్ని దండులనో చూచినది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బిజాపురపు సుల్తానునోడించి గైకొన్నది ఈ కోటనే. అంతకు పూర్వము 1294లో కాకతీయుల సేనాని గోరె గన్నయరెడ్డి కట్టించిన గోడలో 40 అడుగులకు మించిన ఏకశిల కలదు. దానిపై తెలుగు శాసనము. ఆ గోడమీదనే, అంతటి రాతిని బండిపై నెక్కించి పశువులచేత ఈడ్పించుచున్న చిత్రము. ఏరువాక పున్నమికి రాయచూరు పట్టణమున మున్నూరుకాపు సమాజమువారు జరుపు ముంగారు ఉత్సవములో ఎడ్లు బండరాళ్లీడ్చుట చూచినవారికి ఆ బొమ్మ కొత్తగా తోపదు. శాసనము వలన సేనాని పేరు మనకు దక్కినది. బండి చేసిన వడ్రంగి పేరు నేడు ఎవరి నోటను లేదు. అయినను చెక్కినవాడు పనివారి శ్రమను బొమ్మలోనైన నిలిపినాడు. మన కథకులు ఆపాటి మర్యాదయు చేయకున్నారు.

తుంగభద్ర ఎడమకాలువకు నీరు వచ్చిన పిమ్మట కోస్తా మండలములనుండి రైతులు తరలివచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొనిరి. నల్లరేగడి వరిమాగాణి యైనది. (క్యాంపన్నది తొలుత దండు విడిదికి పేరు. మనవారు దానిని సంసారమునకు తెచ్చిరి!) రైతున్నచోట వడ్రంగియు ఉండక తప్పదు. అరక చెడినను అతడే, ఇల్లు లేచినను అతడే. గుమ్మము నిలుపునాడు అతనికి క్రొత్తబట్టలు పెట్టుదురు, తాంబూలమిత్తురు. కాని ఆ గుమ్మముగుండ అతని కూతురు కోడలుగా లోనికి రాగూడదు.

సైనికునియెడ మన గౌరవమును ఇట్టిదే. వాడు చనిపోయినచో చాల ప్రియుడు. 2015లో వచ్చిన 'కంచె', 2022లో వచ్చిన 'సీతారామం' చూడుడు: రెండింటను నాయకుడు సైనికుడు, రెండింటను వాడు ఇల్లు చేరడు. 'కంచె' కులద్వేషమును దాచలేదు. అందులకు దానిని మెచ్చవలసినదే. అయినను అమరుని కులమడుగువారెవరు? ప్రాణముతో తిరిగి వచ్చినవానికే ఆ ప్రశ్న.

తిరిగి వచ్చువారో, ముదుసలులు కారు. సామాన్య సిపాయి నలుబదికి అటునిటుగా ఇల్లు చేరును. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ పథకము ప్రకారము నాలుగేండ్ల కొలువు ముగిసిన పిమ్మట నూటికి 25 మందిని మించి నిలుపుకొనరు. మిగిలినవారు కొంత సొమ్ముతో, పింఛను లేక, పాతికేండ్ల ప్రాయముననే మాజీ సైనికులై ఊరు చేరవలసినదే. వారికి పని కావలెను, పెండ్లి కావలెను. ఇంకొక వింత: సైన్యమునందే 'ట్రేడ్స్‌మన్' అను కొలువు కలదు. వంటవారు, క్షురకులు, రజకులు, దర్జీలు ఆ పేరిటనే చేరుదురు. అక్కడ తుపాకి పట్టినవాడును సుత్తి పట్టినవాడును ధరించునది ఒకే ఉడుపు. ఊరి బస్సు దిగగానే వారి పంక్తులు వేఱగును.

ఇక విరమించి వచ్చినది స్త్రీయై, వలచినవాడు వడ్రంగియైనచో? 1992 నుండి సైన్యమున స్త్రీలు అధికారిణులుగా, వైద్యశాఖలకు వెలుపలను, పనిచేయుచున్నారు. ఆ కథ వ్రాయుటకు మన సంచికలలో ఇంకను ఎవరికిని చేయాడలేదు.

ఇట్టి కథలు పిల్లలను చెరుపునని కొందరు పెద్దల భయము. 2020 జూలైలో ఈ మండలమందలి సింధనూరులోనే ఒక ప్రేమవివాహము నిమిత్తమున వధువు బంధువులు వరుని కుటుంబమువారిని పలువురిని చంపిరి. 2025లో న్యాయస్థానము దోషులలో కొందరికి మరణశిక్ష విధించినది. ఆ చేతులకు కత్తినిచ్చినది ఏ కథ? మన క్యాంపులో అట్లు జరుగలేదని ఊరడిల్లువారిని మేమొకటి అడుగుదుము: మీ యింట జరుగకుండుటకు కారణము మీ ఔదార్యమా, మీ పిల్లల భయమా?

చట్టము అడ్డు కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము వధూవరులు ఒకే కులమువారై యుండవలెనని ఎచ్చటను కోరలేదు. కోరువారు మనమే. కల్యాణమండపపు తాళపుచెవి మనవద్దనే యున్నది. అట్టి జంట వచ్చి అడిగినచో ఇత్తుమా? 'కమిటీలో విచారించి చెప్పుదుము' అందుమా? ఈ సంచిక చదువు కార్యవర్గ సభ్యులెల్లరు, మఱి యొకరిని చూడక, ఎవరికి వారు దీనికి జవాబు చెప్పుకొనవలెనని మా కోరిక.

రాబోవు సంచికకు కథలు పంపువారికిని ఒక మనవి. ముక్కనుమ మఱునాటినుండి మొదలిడుడు. పండుగకు వచ్చిన చుట్టములు వెడలిపోయిరి. ముగ్గులు చెదరినవి. మాజీ సైనికుడు వడ్రంగి కొట్టుకు వచ్చి, పిల్లనడుగుటకు ముందు, పని నేర్పుమని అడుగుచున్నాడు. వృద్ధుడు బాడిస దింపక, 'మీ నాయనతో చెప్పితివా, బాబూ?' అనుచున్నాడు. పిల్ల లోపలినుండి వినుచున్నది. ఇక వ్రాయుడు.