అత్తసొమ్ము... అల్లుడి టీషర్టు

మొన్న సంక్రాంతికి కాకినాడలో మా ఇంజనీరింగ్ బ్యాచ్ అంతా కలిశాం. ఇలాంటివాటికి మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది టీషర్టులే కదా (భోజనాల సంగతి తర్వాత!). "డిజైన్‌కి డబ్బులెందుకురా, నెట్‌లో బోలెడు ఫ్రీగా దొరుకుతాయి" అన్నాడొకడు. అన్నవాడు హాయిగా పడుకున్నాడు, పని నా నెత్తిన పడింది.

గూగుల్‌లో కాలేజీ పేరు కొట్టాను. మూడో వరసలో ఓ బొమ్మ కనబడింది. మా గేటు, పక్కన టీ బడ్డీ, చెట్టుకి చేరేసిన సైకిలు.. నల్ల ఇంకుతో గీసింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. కింద మూలన చిన్న సంతకం ఉంటే, చొక్కా మీద బాగోదని గింప్‌లో చెరిపేశాను. రెండు నిమిషాల పని. నలభై అయిదు టీషర్టులు వేయించాం.

ఆ రోజు ఫోటోలు తియ్యడానికి మా జూనియర్ ఒకతన్ని పిలిచాం. వచ్చినవాడు కెమెరా పక్కన పెట్టి కాసేపు నా చొక్కా వంకే చూసి, "బాగా వచ్చింది అన్నా. సంతకం ఎక్కడికి పోయింది?" అన్నాడు. ఆ బొమ్మ గీసింది అతనే! "అడిగితే ఊరికే ఇచ్చేవాణ్ణి కదన్నా" అని మళ్ళీ కెమెరా తీసుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆఫీసులో చిన్న లైబ్రరీ వాడాలన్నా మనం లైసెన్సు చూస్తాం. జీపీఎల్ అని కనబడితే చాలు, లీగల్ వాళ్ళకి మెయిలు కొడతాం. అదే మహానుభావులం ఇంటికొచ్చాక బాపు బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, సేవ్ చేసి, చొక్కా మీద వేసేసుకుంటాం. మన నర్సాపురంలో పుట్టినాయన, 2014లో పోయారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక ఇంకో 60 ఏళ్ళు హక్కులుంటాయి. అంటే 2074 ఆఖరు దాకా. "అభిమానంతో వేసుకున్నామండీ" అంటారు. అంత అభిమానం ఉన్నవాళ్ళకి ఒక్క మాట అడగడానికి నోరు రాదేం?

"మేమేం అమ్ముకోవట్లేదు కదా, నలభై చొక్కాలకి ఎవడు పట్టుకుంటాడు?" అనే వాదన ఒకటుంది. ఎవడూ పట్టుకోడు, నిజమే. కానీ మీరు రాసిన కోడ్‌లోంచి మీ పేరు తీసేసి ఇంకొకడు గిట్‌హబ్‌లో పెట్టుకుంటే మీరు ఊరుకుంటారా? వాడూ అమ్ముకోవట్లేదు మరి!

దొరికింది వేరు, ఉచితం వేరు. బడ్డీ మీద పెట్టిన అరటిపళ్ళు కూడా చేతికి అందుతాయి. "ఫ్రీ డౌన్‌లోడ్" బొత్తాం పక్కన 'వ్యక్తిగత వాడకానికి మాత్రమే' అని చిన్న అక్షరాల్లో ఉంటే, అది మన బ్యాచ్ టీషర్టుకి ఉచితం కాదనే అర్థం.

విచారమేంటంటే, వాడుకోండి మొర్రో అని నిజంగా ఇచ్చినవి మనకి అక్కర్లేదు. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన రామభద్ర, మండలి, ఎన్టీఆర్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. తెలుగు అక్షరాలు చేసినాయన పురుషోత్ కుమార్ గుత్తుల. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి చొక్కాల మీద వేసుకోవచ్చు, ఆ చొక్కాలు అమ్ముకోవచ్చు కూడా. డిజైన్ చెయ్యడానికి ఇంక్‌స్కేప్ 2003 నుంచీ ఉంది, పైసా అక్కర్లేదు. వికీమీడియా కామన్స్‌లో బొమ్మలున్నాయి. చాలావాటికి అడిగేదల్లా గీసినవాళ్ళ పేరు వెయ్యమని, అంతే. పాత బొమ్మలు కావాలా? రాజమండ్రి దామెర్ల రామారావు 1925లో పోయారు, భీమవరం వైపు అడివి బాపిరాజు 1952లో పోయారు. ఇద్దరి చిత్రాలకీ హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. వీటిలో ఒక్కటైనా ఎవరి టీషర్టు మీదైనా చూశారా? నేను చూళ్ళేదు.

పైగా కొట్టుకొచ్చిన బొమ్మతో పని కూడా చెడుతుంది. 12 అంగుళాల వెడల్పున అచ్చు బాగా రావాలంటే, అంగుళానికి 300 చొప్పున 3600 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్‌లో తిరిగొచ్చిన 800 పిక్సెళ్ళ బొమ్మ వేస్తే అంగుళానికి 66 వస్తాయి. అలికేసినట్టు ఉంటుంది. తెలుగు సంగతి ఇంకా ఘోరం. ప్రింటింగ్ షాపుల్లో ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లే. మీరు పంపిన యూనికోడ్ అక్షరాలు అక్కడ సరిగ్గా పడవు. "ఆయ్, చేసేద్దామండి" అంటారు, తీరా చూస్తే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. 'కాకినాడ'లో ఒత్తుల్లేవు కాబట్టి మనం బతికిపోయాం, 'ఆంధ్ర' అని వేయించుకున్నవాళ్ళ గతేంటి? ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, 'ఆబ్జెక్ట్ టు పాత్' కొట్టి, పీడీఎఫ్‌గా ఇవ్వండి. అప్పుడు అవి అక్షరాలు కావు, గీతలు. ఎవరూ విడగొట్టలేరు. అన్నట్టు స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీన్. రంగులు తగ్గిస్తే ఖర్చూ తగ్గుతుంది. ఆ మిగిలిన డబ్బులు బొమ్మ గీసినవాళ్ళకి ఇవ్వొచ్చు కదా!

రాలేకపోయినవాళ్ళు ఇంకో పది టీషర్టులు కావాలంటున్నారు. సంతకంతో వేయిద్దాం, అతనికి మొత్తం యాభై అయిదు చొక్కాలకీ లెక్కగట్టి డబ్బులిద్దాం అని గ్రూపులో రాశాను. అయిదుగురు సరే అన్నారు. మిగతావాళ్ళు చదివి ఊరుకున్నారు. "చొక్కాకి పాతిక రూపాయల కోసం ఇంత రచ్చా?" అని ఒకడు విడిగా మెసేజ్ పెట్టాడు. నెలకి లక్షలు తెచ్చుకునేవాడే!

నా వాటా నేను ఇచ్చేశాను. ఇప్పుడు మీ బీరువాలో ఉన్న బ్యాచ్ టీషర్టు ఒకటి తీసి చూడండి. ఆ బొమ్మ ఎవరు గీశారో మీకు తెలుసా?