ఆ టిక్కు మీరు పెట్టలేదు

హిందూపురం మార్కెట్లో చింతపండు తూకం కొట్టిన వ్యాపారిని రైతు పదిమందిలో నిలదీస్తాడు. ఆ రైతు కొడుకే ఫోన్లో బస్సు టికెట్టు కొంటే, అడగని ఇన్సూరెన్సు ముందే పెట్టిన టిక్కుతో బిల్లులో చేరుతుంది. ఎవరినీ నిలదీయడు. చూసుకోకపోవడం నీ తప్పేనని వాడికి నూరిపోసింది చదువుకున్న మనమే. వాడి తప్పు కాదది. వాడు చూడకుండా ఉండేలా ఆ తెరను గీసినవాడిది.

2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 'డార్క్ ప్యాటర్న్స్' పేరిట ఇలాంటి మోసాలను 13 రకాలుగా లెక్కగట్టి నిషేధించింది. బుట్టలోకి దొంగచాటుగా సరుకు తోయడం, లేని తొందర పుట్టించడం, చివరి పేజీలో ధర పెంచడం, వద్దన్నవాణ్ని సిగ్గుపరచడం అన్నీ అందులో ఉన్నాయి. అయినా ఆగారా? 2025 జూన్‌లో అదే సంస్థ, మీ యాప్‌లను మీరే మూడు నెలల్లో తనిఖీ చేసుకోండని కంపెనీలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అంతా మీ సౌకర్యం కోసమేనంటారు. అబద్ధం! చేరడానికి ఒక్క నొక్కు చాలినప్పుడు, మానుకోవడానికి పేజీల మీద పేజీలెందుకు? అమెజాన్‌లో ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకునే దారికి లోపలివాళ్లు ఒకప్పుడు పెట్టుకున్న పేరు 'ఇలియడ్'. ట్రాయ్ యుద్ధం మీది సుదీర్ఘ గ్రీకు మహాకావ్యం! జనం మానుకోకుండా ఆపడానికే ఆ దారి అలా పెట్టారని అమెరికా ప్రభుత్వం ఆరోపించింది. ప్రైమ్ మీద ఆ ప్రభుత్వం వేసిన కేసును అమెజాన్ 2025 సెప్టెంబర్‌లో 250 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకొని ముగించుకుంది.

ఇన్సూరెన్సుతో పోయేది పదో ఇరవయ్యో. చీర మగ్గం దిగినా డబ్బు చేతికందని ధర్మవరం నేతన్న ఫోన్లోకి లోన్ యాప్ దూరితే పోయేది పరువు, ఒక్కోసారి ప్రాణం. కాంటాక్టులు ఇస్తేనే అప్పంటుంది. ఒప్పుకునే బటన్ ఇంత పెద్దగా, వద్దనే మాట కనీకనపడని బూడిద రంగులో. ఒక్క నొక్కుతో బావమరిది నుంచి మగ్గం యజమాని దాకా అందరి నంబర్లూ వాళ్ల చేతిలో పడతాయి. ఆపై బూతులు, బెదిరింపులు. 2020 చివర్లో తెలంగాణలో ఈ వేధింపులు తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పిచ్చే యాప్ కాంటాక్టుల జోలికి పోకూడదని 2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. అందుకే కాంటాక్టులు అడిగిందంటే అది దొంగ యాప్. తీసిపారేయండి.

పెనుకొండ నుంచి బెంగళూరు వెళ్లి ఈ తెరలు గీస్తున్న పిల్లలారా, మీరు గీసిన యాప్‌ను మీ అమ్మ చేతికివ్వగలరా? పక్కన కూర్చోకుండా?

డబ్బు కట్టే పేజీలో ఆగండి. మొత్తం చూడండి. మీరు పెట్టని టిక్కు తీసేయండి. తీయనివ్వకపోతే స్క్రీన్‌షాట్ తీసి 1915కి ఫిర్యాదు చేయండి. అప్పు బెదిరింపులైతే 1930కి. పది రూపాయలకు ఫిర్యాదేమిటంటారా? మీరు అలాగే అనుకుంటారన్న లెక్కతోనే వాళ్లు ఆ పది రూపాయలు తీసుకున్నారు.