తండ్రి సంతకము

పదవ తరగతి ఫలితములు వెలువడిన పిదప మా పాఠశాల వసారాలో నిలిచియుండు తల్లులను మేము చాల యేండ్లుగా చూచుచున్నాము. మార్కుల పత్రిక తీసికొని పెక్కుమంది పోవుదురు. కొందఱు మాత్రము పోరు. స్తంభము ప్రక్కను నిలిచి, తక్కినవారందఱు కదలినదాక కాచి, అప్పుడు దగ్గఱకు వచ్చి, "మాస్టరుగారూ, ఇందులో తండ్రి సంతకమని ఉన్నదండీ. ఆయన లేరు. ఏమి చేయమంటారు?" అని మెల్లగా నడుగుదురు. 'లేరు' అను మాటకు మనలో రెండర్థములు కలవు. రెండవ యర్థమును గుఱించియే మే మిచ్చట వ్రాయ బూనితిమి.

తండ్రి మరణించినచో దుఃఖము పెద్దదే గాని కాగితముపని చిన్నది. మరణ ధ్రువపత్రము జతపఱచినచో దరఖాస్తు ముందుకు సాగును. ఇల్లు విడిచిపోయిన తండ్రికి అట్టి పత్రము నిచ్చు కచేరి యేదియు లేదు. విడాకుల తీర్పు కలదా యని యడుగుదురు. కూలి చేసికొని బ్రదుకు స్త్రీ న్యాయస్థానమున కెక్కి తీర్పు తెచ్చుకొనుట యెంత యరుదో అడుగువారికి తెలియనిది కాదు. ఏడేండ్లు జాడ తెలియనివానిని మృతునిగా భావింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పెను. దాని స్థానమున 2024 జూలైలో అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును అదియే చెప్పుచున్నది. పదవ తరగతినాడు తండ్రి పోయినచో, ఆ యేడేండ్లు నిండునప్పటికి పిల్లవాడు బి. ఏ. ముగించి రెండేండ్లు కావలెను! ప్రక్క ఊరిలో వేఱు కాపురము పెట్టినవాని కా మాటయు వర్తింపదు.

మనోవర్తి చట్టము మఱియొక వింత. క్రిమినలు ప్రొసీజరు కోడు క్రింద గాని, దాని తరువాత వచ్చిన నాగరిక సురక్షా సంహిత క్రింద గాని, వైకల్యము లేని కుమారునికి 18 ఏండ్లు నిండగనే తండ్రినుండి పోషణ కోరు హక్కు తీరును. కళాశాల రుసుము కట్టవలసిన దినములును అవియే. చట్టము తండ్రిని విడిచిపెట్టిన యేటనే దరఖాస్తు ఆతని ఆదాయ మెంత యని యడుగును. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ మేర్పఱచిన విద్యార్థివేతనమునకు తల్లిదండ్రుల వార్షికాదాయము 2,50,000 రూపాయలు మించరాదు. ఇంటికి కాసు పంపని తండ్రి జీతము నీ లెక్కలో చేర్చుట యే గణితమో లెక్కల ఉపాధ్యాయులమైన మాకు బోధపడదు.

రెండేండ్ల క్రిందట మా యొద్ద చదివిన యొక బాలిక తల్లి ఇడ్లీబండి నడుపుకొనుచుండెను. తండ్రి వేఱొక పట్టణమున లారీ తోలుచు అచ్చటనే సంసారము చేయుచుండెను. ఆదాయపత్రమునకై పోగా, తండ్రి ఆధారు కార్డు నకలు తెమ్మనిరి. ఆ పిల్ల ఒంటరిగా బస్సెక్కి పోయినది. తండ్రి మధ్యాహ్నము వఱకు వీధిలో నిలిపి, "మీ అమ్మను రమ్మను" అని పంపివేసెను. తల్లి గాజులు కుదువబెట్టి మొదటి వాయిదా కట్టినది. నెల దాటిన పిమ్మట గ్రామ రెవిన్యూ అధికారి ఆ వీధికి వచ్చి, ఇరుగుపొరుగువారి నిద్దఱి నడిగి, పావుగంటలో అరపుట వ్రాసికొని పోయెను. పని నెఱవేఱినది. ఆ యరపుట మొదటి దినముననే ఏల వ్రాయరాదు?

తల్లి లేని యిండ్లును కలవు. కడప, గోదావరి ప్రాంతములనుండి స్త్రీలు ఇంటిపనికై కువైటు పోవుట అందఱెఱిగినదే. ఆంధ్రప్రదేశమున 2021లో రుసుము సొమ్మును తల్లుల ఖాతాలలో వేయ మొదలిడినప్పుడు, ఉద్దేశము మంచిదే యైనను, అట్టి పిల్లలు అమ్మమ్మల చేయి పట్టుకొని తిరుగుట చూచితిమి.

కొందఱు ఆదాయము దాచుటకై భర్త విడిచెనని బొంకుదురను ఆక్షేపణ కలదు. నిజమే, మేమును ఒకరిని చూచితిమి. కాని ఆ బొంకు పట్టుట విచారణాధికారి పని, పదునాఱేండ్ల పిల్ల పని కాదు. తల్లి వ్రాసియిచ్చిన మాటను స్వీకరించి, అనుమాన మున్నచోట వారే విచారించుట న్యాయము. ఇది యసాధ్యము కాదు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టునకు తల్లిదండ్రులలో ఒకరి పేరు చాలుననిరి. 2018 డిసెంబరునుండి, ఒంటరి తల్లి బిడ్డకు పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదు. విదేశమునకు పోవుటకు చాలిన తల్లి పేరు, పొరుగూరి కళాశాలకు పోవుటకు చాలదా?

పరులను తప్పుపట్టుటకు ముందు మా తప్పును చెప్పవలెను. మేము కొత్తగా పనిలో చేరిన దినములలో తరగతి యంతయు వినుచుండగా తండ్రి పేరు, వృత్తి అడిగి రిజిస్టరు నింపెడివారము. ఒక బాలుడు మూడేండ్లు వరుసగా "మేస్త్రీ పని" అని చెప్పెను. ఆ మేస్త్రీ ఆ యింట లేడని నాలుగవ యేట తెలిసినది. అప్పటినుండి ఆ ప్రశ్న తరగతిలో అడుగుట మానితిమి. తక్కిన ఉపాధ్యాయ మిత్రులును మానవలెనని మా కోరిక. తొమ్మిదవ తరగతిలోనే తల్లిని విడిగా పిలిచి, ఏ కాగితము లేదో తెలిసికొన్నచో, చేతిలో రెండేండ్ల వ్యవధి యుండును. రిజిస్టరులో తల్లి పేరు తప్పులేక వ్రాయుటయు, ఆధారు కార్డులోని పేరుతో సరిచూచుటయు చిన్న పనులే గాని పిదప పెద్ద చిక్కు తప్పించును. బ్యాంకు అప్పునకు తల్లి యొక్కతెయే సహఋణస్థురాలుగా నిలువవచ్చుననియు, నాలుగు లక్షల వఱకు సాధారణముగా ఆస్తి తాకట్టు అడుగరనియు చాల మంది తల్లులకు తెలియదు.

ఈ యేడు ఫలితముల మఱునాటినుండి పదిదినములు, మధ్యాహ్నము మూడు గంటలు మొదలు అయిదు వఱకు, గ్రంథాలయము ప్రక్క గదిలో మే ముందుము. ఆ గదికి తలుపున్నది, వేసికొని మాటాడవచ్చును. స్తంభము ప్రక్క నిలువ నక్కఱలేదు.