పిల్లవాడు బొద్దుగా లేడా?

కిందటి ఉగాది విందులో పులిహోర వడ్డించుకుంటుంటే ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచారు. "డాక్టరుగారూ, మావాడికి మూడు నెలలు నిండాయి. తల్లిపాలే. పక్కింటి పిల్లాడిలా బొద్దుగా లేడు. పాలు పల్చనయ్యాయి, డబ్బాపాలు పట్టండి అంటున్నారు మా అత్తగారు." బాలింత తల వంచుకుని నిలబడింది. ఏం తింటున్నావమ్మా అని అడిగాను. నెయ్యి ఓడే అన్నం, ఇంకా కాయం ముద్ద, పూటకో సున్నుండ, దాహానికి తియ్యటి సోడా. కూరలూ పళ్ళూ మాత్రం వాతమట!

కాయం మీద నాకు కోపం లేదు. మా అమ్మ పెడితే నేనూ తిన్నాను. కాని నెయ్యి ఎంత తిన్నా పాలు చిక్కబడవు. పాలలోని లాక్టోజు, మాంసకృత్తులు తల్లి భోజనాన్నిబట్టి పెద్దగా మారవు. మారేది కొవ్వు రకం, బి12, అయొడిన్ వంటివి. శాకాహారి తల్లికి బి12 లోపిస్తే బిడ్డ ఎదుగుదలే కుంటుపడుతుంది. రక్తపరీక్ష చేయించుకోండి, మాత్రలతో తీరే లోటు. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా కావాలి, నిజమే. అవి పప్పు, పెరుగు, ఆకుకూరలతో రావాలి.

సోడా సంగతి వేరు. 2017లో వెలువడిన పరిశోధనలో 25 మంది తల్లీబిడ్డలను పరిశీలిస్తే, పాలలో ఫ్రక్టోజు ఎక్కువున్నచోట ఆరో నెలకు బిడ్డల బరువు, కొవ్వు కూడా ఎక్కువగా కనిపించాయి. పాతికమందితో తీర్పు చెప్పలేం. అయినా ఇంట్లో మజ్జిగ ఉండగా సోడా ఎందుకు?

అసలు చిక్కు బొద్దు మోజులో ఉంది. 2003లో వెలువడిన పరిశోధనలో పూనా శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5. మనవాళ్ళలో బాగా తగ్గింది కండ; వీపు మీది కొవ్వు అంతగా తగ్గలేదు. అటువంటి బిడ్డకు తొలి నెలల్లోనే గబగబా బరువు పెంచితే పెద్దయ్యాక స్థూలకాయం వచ్చే అవకాశం ఎక్కువ. పైగా సీసా అలవాటైతే బిడ్డ రొమ్ము చీకడం తగ్గుతుంది, దానితో పాలూ తగ్గుతాయి. గుంటూరులో వైద్యం చదివివచ్చిన నేనే మొదటి కాన్పులో బెదిరి సీసా పట్టాను. నెల తిరక్కుండా పాలు ఆగిపోయాయి. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి బరువు చార్టు చూశాను. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాల పిల్లలను కొలిచి తయారుచేసినది. ఢిల్లీ పిల్లలూ అందులో ఉన్నారు. మనవాడు పుట్టినప్పటి గీత వెంబడే నడుస్తున్నాడు. అమ్మమ్మగారు చార్టును నమ్మలేదు. మర్నాడు మాత్రం తోటకూర పప్పు వండారట.