బొచ్చుతో పోరు!

రెండు గదుల ఇల్లు, ఓ కుక్క, రెండు పిల్లులు. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి సోఫా నిండా మళ్లీ బొచ్చే! నిజానికి పిల్లితో వచ్చే అలర్జీకి కారణం బొచ్చు కాదు, దాని లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రొటీన్లు. అవి సన్నటి చర్మపు పొట్టును అంటుకుని గాల్లో గంటల తరబడి తేలుతుంటాయి. చీపురేస్తే మరింత లేస్తాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలుంటే వైరు లేని వాక్యూమ్ క్లీనర్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఫిల్టరునే. హెపా రకమైతే మేలు. అయితే డబ్బా అతుకుల్లోంచి గాలి తన్నుకొస్తుంటే అదీ దండగే. పెట్టె మీది ‘60 నిమిషాలు’ చూసి మురిసిపోవద్దు. అది తక్కువ వేగంలో లెక్క. పూర్తి వేగంలో చాలావాటికి పది నిమిషాలే గగనం. రెండు గదులకు అది సరిపోవచ్చు. సోఫాకి మాత్రం మోటారుతో తిరిగే చిన్న బ్రష్ ఉండాల్సిందే. అన్నట్టు, కొనేముందు దుకాణంలో ఆన్ చేయించి మోత వినండి. ఇంట్లో మంచం కిందికి దూరేది కుక్కే కదా!