పాయ ఎండిందని పడవను మరవొద్దు

సంక్రాంతి వెళ్లాక గోదావరి లంకల్లో మామూలుగా కనిపించే దృశ్యం ఒకటుంది. పాయలో నీరు తగ్గిపోతుంది. జనం ఇసుక మీద నడిచి అవతలకు పోతుంటారు. నిన్నటిదాకా ఊరిని మోసిన చిన్న మోటారు పడవను నలుగురూ పట్టి గట్టు మీదికి లాగి అక్కడే వదిలేస్తారు. మళ్లీ దాని మొహం చూసేది ఆషాఢంలో ఎర్రనీరు వచ్చినప్పుడే. ఈ ఐదారు నెలల్లో దానికి ఏం జరిగిందో ఎవరికీ పట్టదు.

2022 జూలై వరదలో ఈ నిర్లక్ష్యం ఫలితాన్ని ఒక లంక రేవులో కళ్లారా చూశాను. అరటి తోటలు అప్పటికే నీటిలో ఉన్నాయి. పశువులను ఇవతలకు చేర్చాలి. పడవ ఉంది, మోటారు ఉంది, నడిపేవాడూ ఉన్నాడు. తాడు లాగి లాగి చేతులు బొబ్బలెక్కినా మోటారు మాత్రం అంటుకోలేదు. జనవరిలో మిగిలిన పెట్రోలు ట్యాంకులోనే ఉండిపోయింది. చివరికి పక్క ఊరి పడవ వచ్చేసరికి పొద్దు వాలింది. అప్పటికి కట్టుకొయ్యల దగ్గర గేదెలు మెడలోతు నీళ్లలో ఉన్నాయి. అవి బతికాయంటే అదృష్టమే గాని మన తెలివి కాదు.

"ఆరు నెలలు పని లేని దానికి ఖర్చెందుకండీ" అని చాలామంది అడుగుతుంటారు. పని లేని రోజుల్లో ఎద్దుకు గడ్డి మానేస్తామా? పడవ కూడా అంతే. నీళ్లలో తిరిగినప్పటి కంటే గట్టు మీద ఊరికే పడి ఉన్నప్పుడే ఎక్కువ పాడవుతుంది. చలిదేశాల్లో ఇంజనులో మిగిలిన నీరు గడ్డకట్టి ఇనుమునే పగలగొడుతుంది. మనకు ఆ బెడద లేదు. మన శత్రువులు ఎండ, చెమ్మ, ఎలుక.

ముందు మోటారు సంగతి. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉంటే నీరు విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. అందుకే పడవను గట్టెక్కించే రోజునే పెట్రోలు కుళాయి కట్టేసి, మోటారు తనంతట తాను ఆగేదాకా నడపండి. నీళ్లలో ఉండగానే నడపాలి సుమా, బయట వట్టిగా తిప్పితే మోటారు పాడవుతుంది. తర్వాత ట్యాంకును పూర్తిగా వంపేయండి. డీజిలు ఇంజనుకు దీనికి తిరగేసి చేయాలి. ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టే చోటు ఉండదు.

ఇంజను ఆయిలు వానాకాలంలో మారుద్దామనుకోకండి. వాడిన ఆయిలులో నీరు, ఆమ్లం చేరి ఉంటాయి. అది ఇంజను భాగాలను నెలల పాటు తింటుంది. దాచే ముందే మార్చాలి. పెట్రోలు మోటారుకు ప్లగ్గు విప్పి, సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి, తాడు రెండుమూడు సార్లు మెల్లగా లాగి ప్లగ్గు బిగించండి. నీటితో చల్లబడే ఇంజనైతే లోపలి నీరంతా తీసేయండి. సముద్రానికి దగ్గరగా ఉప్పునీటి పాయల్లో తిరిగిన మోటారును మంచినీళ్లతో కడిగాకే దాచాలి. వీలైతే మోటారును విప్పి ఇంటికి తెచ్చుకోవడం అన్నిటికన్నా మంచిది. ప్లాస్టిక్ కవరుతో బిగించి కట్టకండి, లోపల చెమటపట్టి తుప్పు వస్తుంది. గాలి ఆడాలి.

ఇక పడవ. చిన్న ఫైబరు పడవైతే తాటి దుంగల మీద బోర్లించండి. బోర్లించలేనంత బరువుంటే ముక్కు వైపు కాస్త ఎత్తుగా పెట్టి, అడుగున నీళ్లు పోయే రంధ్రం బిరడా తీసి ఉంచండి. 18 అడుగుల పడవలో నాలుగంగుళాల వాననీరు నిలిచిందంటే దాదాపు అర టన్ను బరువు. దుంగల మీద ఉన్న పడవకు ఆ బరువుతో అడుగున పగులు వస్తుంది. పైన నిట్టాడి కర్ర పెట్టి ఇంటి కప్పులా రెండు వైపులా వాలు వచ్చేలా తాటాకు గాని టార్పాలిన్ గాని కప్పాలి. ఎండ తగిలితే ఫైబరు పైపూత సున్నంలా రాలుతుంది. నైలాను తాళ్లు సత్తువ కోల్పోతాయి. తాళ్లను, లైఫ్ జాకెట్లను ఇంట్లో నీడన, ఎలుకకు అందని చోట వేలాడదీయండి. చెక్క పడవైతే ఎండకు పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. నీడ తప్పనిసరి.

పగుళ్లకు మాటు వేయించాల్సింది కూడా ఎండాకాలంలోనే. తడి ఫైబరు మీద వేసిన మాటు నిలవదు. వరద రోజున వేసిన అతుకు నడి ఏట్లో ఊడుతుంది.

ఇవన్నీ తెలియక కాదు, చేసేవాడు లేకే పడవలు పాడవుతున్నాయి. పదిమంది చేతిలో పాము చావదంటారు. ఊరుమ్మడి పడవ గతి కూడా అంతే. నా అభిప్రాయం ఒకటే. ప్రతి పడవకూ ఒక మనిషి పేరు రాసి పెట్టండి. ఆ పడవ మీద ఆధారపడిన కుటుంబాలన్నీ తలా కొంత వేసుకుని ఆయిలు, తాటాకు, అతని కూలీ ఇవ్వండి. ఊరికే చేయమంటే ఎవరు మాత్రం ఎన్నాళ్లు చేస్తారు? వరదకు ముందు అధికారులు పడవల లెక్క రాసుకుంటారు. పడవ ఉందా అని మాత్రమే కాదు, మోటారు తిరుగుతోందా అని కూడా చూసి రాసుకోవాలి. చూపించమని మనమే అడగాలి.

1986లోనూ 2006లోనూ గోదావరికి పెద్ద వరద ఆగస్టులో వచ్చింది. 2022లో జూలై మధ్యకే వచ్చేసింది. గోదారి మన పంచాంగం చూసి రాదు. కాబట్టి రోహిణి కార్తె దాటకముందే కొత్త పెట్రోలు పోసి, నీళ్లలో మోటారు ఒకసారి తిప్పి చూడండి. డీజిలు ఇంజనునూ ఓసారి నడపండి. గట్టు మీద ఉన్నా పడవను చెట్టుకు కట్టే ఉంచండి, మొదటి వరద రాత్రిపూట వస్తే ఖాళీ పడవను ముందు అదే ఎత్తుకుపోతుంది. బిరడా పెట్టడం మాత్రం మరవకండేం.